పడమటి రేకు తలుపు

ఆయన చనిపోయాడని నాకు ఎర్రగుంట్ల బస్టాండులో తెలిసింది. చెప్పినవాడు ఒక లారీ గుమాస్తా. వినగానే నా నోటినుంచి వచ్చిన మాట, "ఎవరు నరికినారు?" అని. గుమాస్తా నవ్వాడు. తానూ అదే అడిగాడట. తనకు చెప్పినవాడు కూడా అంతకుముందు అదే అడిగాడట. ఎవరూ నరకలేదు. పులివెందులలో బంధువుల ఇంట్లో, మంచం మీద, గుండెనొప్పితో పోయాడు. మా ప్రాంతంలో అలాంటి చావును జనం వెంటనే నమ్మరు. ఆయన విషయంలో మరీ నమ్మరు.

పేరు రాయను. ఆయన వైపు వాళ్ళూ, ఎదుటి వైపు వాళ్ళూ ఇంకా జమ్మలమడుగు తాలూకాలోనే ఉన్నారు. ఒకే బస్సు ఎక్కుతారు, ఒకే సంతలో ఎద్దుల్ని బేరమాడతారు. రెండు వైపులా చదువుకున్నవాళ్ళు కూడా ఉన్నారు.

ఆయన ఎడమచేతికి రెండు వేళ్ళు లేవు. చిటికెన వేలు, దాని పక్కది. వయసులో ఉండగా నాటుబాంబు చుడుతుంటే పోయాయి. ఈ సంగతి అందరికీ తెలుసు, కానీ ఎవరైనా అడిగితే ఆయన ఒక్కొక్కరికి ఒక్కో కారణం చెప్పేవాడు. ఎద్దు తొక్కిందని ఒకరికి, చెరుకు గానుగలో పడ్డాయని ఒకరికి. కొత్తగా వచ్చిన తాలూకా ఆఫీసు ఉద్యోగి ఒకాయన జాలిగా అడిగితే, "ఓటేసేకి పోయినా సామీ. సిరా పూసి, మల్లీ రాకుండా కోసుకున్యారు" అన్నాడు. ఆ ఉద్యోగి కాసేపు నిజమే అనుకున్నాడు.

ఏ ఇంట్లోకి అడుగుపెట్టినా ముందు గోడను అరచేత్తో ఒకటి కొట్టేవాడు. గుమ్మానికి వీపు పెట్టి కూర్చునేవాడు కాదు. నీళ్ళు తాగేటప్పుడు కూడా చెంబు పైకెత్తి, దాని అంచు మీదుగా వీధిని చూస్తూ తాగేవాడు. దేన్ని చూసినా దాన్ని పగలగొట్టడానికి ఎంత పని పడుతుందో మొదట అంచనా కట్టేవాడు.

నా చదువు నాలుగో తరగతితో ఆగిపోయింది. ప్రొద్దుటూరులో ఒక నూనె మిల్లులో తూకాల దగ్గర చేరి, వడ్డీలూ వైశాల్యాలూ ఉష్ణమాపకం చూడడమూ నా అంతట నేనే నేర్చుకున్నాను. నాకు గజమూ మణుగూ డిగ్రీ ఎలాంటివో ఆయనకు దెబ్బ అలాంటిది. తలుపులన్నిటినీ దెబ్బల్లో కొలిచేవాడు. దెబ్బ అంటే కండ ఉన్న మనిషి గొడ్డలితో వేసే ఒక వేటు. మా మిల్లు ఆఫీసు తలుపును మొదటిసారి తట్టి చూసి, "ఒకటిన్నర" అన్నాడు. అర దెబ్బ ఎలా వస్తుందని అడిగాను.

"రెండో దెబ్బ సగంలోనే తలుపు పోతాది లెక్కలప్పా. మిగిల్న సగం లోపలున్నోనికి" అన్నాడు. నన్ను ఆయన పిలిచే పేరు అదే.

జమ్మలమడుగు కోర్టు తలుపు గురించి మాత్రం గౌరవంగా మాట్లాడేవాడు. బర్మా టేకు, పన్నెండు దెబ్బలకు కూడా లొంగదని చెప్పేవాడు. ఆ కోర్టులో ఆయన మీద ఒక హత్య కేసు నడిచి, సాక్షులు రాక కొట్టేశారు. విచారణ జరిగిన రోజులన్నీ ఆయన ఆ తలుపునే చూస్తూ కూర్చున్నాడని నా అనుమానం.

మా పరిచయం కారు మూలంగా. ఊళ్ళో కొట్లాటలకు రాజీ కుదిరాక, షరతు ప్రకారం ఊరు వదిలి ప్రొద్దుటూరు చేరి, ఒక పాత కారు కొని బాడుగకు తిప్పేవాడు. వేరుశనగ బేరాలకు పులివెందుల, వేంపల్లె వెళ్ళాల్సి వచ్చినప్పుడు మా యజమాని ఆ కారే పిలిపించేవాడు. నేను ముందు సీట్లో ఆయన పక్కన కూర్చునేవాణ్ణి. అందరూ మలుపుల దగ్గర వేగం తగ్గిస్తారు. ఆయన పొదలున్న మలుపు వస్తే వేగం పెంచేవాడు. బండి వేడెక్కితే దిగి, బానెట్ మీద గుద్ది, దాని తల్లినీ చెల్లినీ తిట్టి, తర్వాత నీళ్ళు పోసేవాడు. ఎండను ఎప్పుడూ ఎండ అనేవాడు కాదు. "వాడు" అనేవాడు. "ఈ పొద్దు వాడు తొందరగ లేసినాడు", "వాడు యాడికీ పోలేదు, ఆ గుట్ట ఎనకాల కాసుకోని ఉండాడు" అనేవాడు. పగ ఉన్న మనిషి గురించి మాట్లాడేటప్పుడు గొంతు ఎలా ఉంటుందో అలాగే ఉండేది.

జమ్మలమడుగులో ఒక కాఫీ హోటలు. అక్కడ జరిగింది నేను మరిచిపోలేను. మేము గోడ పక్క బల్ల దగ్గర కూర్చున్నాం. సర్వరు కొత్తవాడు, ఆయన సంగతి తెలియదు. వెనకనుంచి వచ్చి భుజం మీదుగా కాఫీ గ్లాసు పెట్టబోయాడు. ఆయన మోచెయ్యి ఎప్పుడు లేచిందో నేను చూడలేదు. ఎముక మీద ఎముక పడిన శబ్దం మాత్రం విన్నాను. సర్వరు రెండు బల్లల అవతల పడ్డాడు. పెదవి చీలింది, పన్నొకటి నేల మీద పడి దొర్లింది, కాఫీ నా చొక్కా మీద. హోటలంతా లేచి నిలబడింది, ముందుకు ఒక్కరూ రాలేదు. ఆయన పన్ను ఏరి తెచ్చి సర్వరు చేతిలో పెట్టాడు. తన తువ్వాలు తడిపి వాడి మూతికి కట్టి, తన కుర్చీలో కూర్చోబెట్టాడు. ఆ తర్వాత వాడి పళ్ళెం తీసుకుని, భోజనాల వేళ ముగిసేదాకా తానే ప్రతి బల్లకూ వడ్డించాడు. ఆ రోజు ఆ హోటల్లో సాంబారుకు ఉప్పు చాలలేదు. ఆ మాట అన్నవాడు లేడు. అందరూ తిని, చేతులు కడుక్కుని, త్వరగా వెళ్ళిపోయారు.

ఇంక ఆ ఇంటి గురించి చెప్పాలి.

రాజీ తర్వాత ఊరు వదిలినప్పుడు, మనుషులు ఒకే వైపునుంచి రాగలిగిన ఇల్లు కావాలని వెతికాడు. ప్రొద్దుటూరు అంచున, ముందుకు దారి లేని ఒక సందు చివర దొరికింది. మూడు వైపులా ఎత్తైన గోడలు. ముందు కారు షెడ్డు, దాని వెనక ఒకే గది, దాని వెనక వంటిల్లు. ఇంటి ముఖమంతా షెడ్డు తలుపే. చెక్క చట్రానికి ఇనుపరేకు కొట్టిన రెండు రెక్కల తలుపు, కారు దూరేంత వెడల్పు. పక్కన ఒక మనిషి నడిచేంత సందూ, అందులోనుంచి షెడ్డులోకి చిన్న తలుపూ ఉన్నాయి. తెరిచి ఉన్న ఆ ఒక్క దిక్కు పడమర. మనుషులు వచ్చే దారిని లెక్క వేసుకున్నాడు గాని, ఎండ వచ్చే దారి ఆయన లెక్కలోకి రాలేదు.

మధ్యాహ్నం దాటినప్పటినుంచి పొద్దు గుంకేదాకా ఆ రేకు కాలుతూనే ఉండేది. రేకు వేడికి షెడ్డులో గాలి కాగేది, ఆ గాలి గదిలోకి పోయేది. ఆ గదిలో ఆయన భార్య ఇద్దరు బిడ్డల్ని కని పోగొట్టుకుంది. ఇద్దరూ ఎండాకాలంలోనే పుట్టారు. ఇద్దరికీ ఒకే తీరు. ఒళ్ళు కాలిపోయింది, పాలు పట్టలేదు, కళ్ళు తేలేశారు. మొదటి బిడ్డ పోయినప్పుడు గ్రహచారం అన్నారు. రెండో బిడ్డప్పుడు, మిషన్ ఆసుపత్రిలో పనిచేసి మానుకున్న ఒక నర్సమ్మ వచ్చి చూసి, గోడల మీద చెయ్యి పెట్టి, ఈ గదిలో రొట్టె కాల్చుకోవచ్చు గాని బిడ్డను కనకూడదని ముఖం మీదే చెప్పింది.

మూడో కాన్పు కూడా మే నెలలోనే పడేలా ఉంది. పుట్టింటికి పంపడానికి లేదు. ఆమె పుట్టిల్లు ఎదుటి వర్గం ఊళ్ళోనే. ఆ గుమ్మం తొక్కి అప్పటికి ఏళ్ళయింది. ఇల్లు మారడానికీ లేదు. ఇంకో ఇల్లంటే రెండు వైపులా దారి ఉన్న ఇల్లు, అది ఆయన ఒప్పుకోడు. ఇంక మిగిలింది ఆ గదిని చల్లబరచడం.

ముందు ఒక టేబుల్ ఫ్యాను కొన్నాడు. అది పగలంతా తిరిగేది, కరెంటు మీటరులో చక్రమూ దానితో పోటీపడి తిరిగేది. కాగిన గాలి తెచ్చి ఆమె ముఖాన కొట్టడం తప్ప దానివల్ల ఏమీ కాలేదు. ఆమె నోరు కూడా తక్కువది కాదు. "పొయ్యి ఊదే గొట్టం తెచ్చి పెట్టినావు. ఇంగ కట్టెలు గూడా తే, నన్నే వండుకుందువు" అందట. ఆయన ఫ్యానును తీగతో సహా పీకి వీధిలోకి విసిరాడు. గోడలో ఉన్న స్విచ్చు బోర్డు కూడా దానితో పాటు పోయింది. మర్నాడు మళ్ళీ తెచ్చుకుని, వంకరపోయిన రెక్కలను సుత్తితో సరిచేసి తగిలించాడు. అప్పటినుంచి అది టకటకమని కొట్టుకుంటూ తిరిగేది.

ఆ వారంలోనే వేంపల్లె నుంచి తిరిగొస్తుంటే ఉన్నట్టుండి అడిగాడు.

"లెక్కలప్పా, వాన్ని యాడ కొట్టల్ల?"

ఎండ గురించి అడుగుతున్నాడని అర్థమయ్యేసరికి కొంత దూరం వచ్చేశాం. గదిలో కొట్టలేమనీ, లోపలికి వచ్చాక ఫ్యాను దాన్ని అటూ ఇటూ తిప్పుతుందే తప్ప బయటకు పంపదనీ చెప్పాను. ఆపితే తలుపు దగ్గరే ఆపాలి. మా మిల్లు వెనక వేరుశనగ పొట్టు కుప్పలు ఉండేవి. పైన చెయ్యి పెడితే చుర్రుమంటుంది. మోచేతి దాకా లోపలికి దూర్చితే చల్లగా ఉంటుంది. పొట్టు మధ్య చిక్కుకున్న గాలి కదలదు, కదలని గాలి వేడిని మోసుకుపోదు. ఇది నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు, ఆ కుప్పల్లో మంచినీళ్ళ కుండలు పూడ్చిపెట్టి తెలుసుకున్నాను. రేకు వెనక నాలుగంగుళాల సందు వదిలి పలకలు కొట్టి, ఆ సందులో పొట్టు నింపమన్నాను.

ఆయన బండి ఆపి నా వైపు తిరిగాడు. తలుపు లావైతుంది కదా అన్నాడు. అవుతుందన్నాను. మళ్ళీ బండి కదిలించాడు.

పని మొదలుపెట్టాక నాకు పెద్ద యుద్ధమే అయింది. పొట్టు వదులుగా ఉండాలి. ఆయనకు వదులుగా చేయడం చేతకాదు. గోనెసంచుల్ని అడ్డంగా అరలరలుగా కుట్టించి, పై అర బరువు కింది అర మీద పడకుండా చూసి, ఒక్కో దానిలో పొట్టు పోయమంటే, ఆయన పోసి పిడికిలితో గుద్దేవాడు. గట్టిగా దట్టిస్తే లోపల గాలికి చోటుండదు, రాయి లాగే వేడిని మోస్తుంది అని నేను మొత్తుకునేవాణ్ణి. ఊ అనేవాడు, మళ్ళీ గుద్దేవాడు. చివరకు ఆమె వచ్చి, నువ్వు అవతలికి పో అని చెప్పి, నిండు చూలాలు కింద కూర్చుని తానే అన్ని అరలూ చేత్తో నింపింది. ఎలుకలు రాకుండా ఎండిన వేపాకు కలిపింది. రెక్కల అంచులకు కొబ్బరి పీచు తాడు, అడుగున నేలకు తగిలేలా పాత టైరు రబ్బరు కొట్టాం. బయట రేకుకు తెల్లగా సున్నం పూశాం.

మిల్లు ఉష్ణమాపకం తీసుకెళ్ళి ముందూ తర్వాతా చూశాను. పని కాకముందు మధ్యాహ్నం గదిలో నూట తొమ్మిది ఫారన్‌హీట్ డిగ్రీలు ఉండేది. అయ్యాక అదే ఎండలో, అదే వేళకు, తొంభై ఎనిమిది. తలుపు బయట రేకు మీద మాత్రం, సున్నం పూసినా, నూట నలభై దాటింది. ఫ్యానును చిన్న వేగంలో పెడితే చాలింది. పొద్దున పూట దాని అవసరమే లేదు. మీటరు చక్రం మీది ఎర్రగీత ఎప్పుడు తిరిగొస్తుందా అని కనిపెట్టుకుని చూడాల్సి వచ్చేది. ఆమె షెడ్డులో పలకలకు చెంప ఆనించి, కళ్ళు మూసుకుని చాలాసేపు నిలబడింది.

ఆయన బయటికి వెళ్ళి రేకును పిడికిలితో ఒకటి కొట్టాడు. మునుపటిలాగ మోగలేదు. మందంగా, లోతుగా పలికింది.

"మూడు దెబ్బల తలుపుండె. ఇప్పుడు ఏడు" అన్నాడు. సంతోషంగా అనలేదు.

అప్పుడే నాకు రాజీ షరతులు చెప్పాడు. కాగితాలు లేవు, నోటిమాట, దేవుడి దీపం ముందు రెండు వైపులా పెద్దలు చేతిలో చెయ్యి వేసుకున్నారు. ఒకరి ఊరికి ఒకరు ఆయుధంతో పోకూడదు. ప్రహరీ గోడ ఎత్తు పెంచకూడదు. తలుపు లావు చేయకూడదు. ఎవడైనా తలుపు లావు చేస్తున్నాడంటే, ఏదో చేసి వచ్చి లోపల దాక్కోవడానికి సిద్ధపడుతున్నాడని అర్థం. గోడలూ తలుపులూ మామూలుగా ఉన్నంతకాలం ఎవరూ ముందు చెయ్యెత్తరు. పైగా పొట్టు. నాటుబాంబులు ఒకదానికొకటి తగిలి పేలకుండా పొట్టులోనే పరుస్తారు. మా మిల్లునుంచి ఆ ఇంటికి బండెడు పొట్టు సంచులు పోవడం, షెడ్డు తలుపు ఉబ్బడం, ఈ రెండూ చూసినవాడు ఇంకేమీ చూడనక్కర్లేదు.

ఎదుటి వర్గం పెద్దాయనకు ఒక మాట చెప్పి పంపమని ఆమె ముందునుంచే పోరుతోంది. ఆ పెద్దాయన ఆమెకు పెదనాన్న వరస, ఈయనకు మామ వరస. ఎండకు కట్టుకున్నామని చెబితే చాలు. నేనూ అదే చెప్పాను. ఆయన నన్ను వింతగా చూశాడు.

"నా ఇంటి తలుపేసుకునేకి వాన్ని అడగల్లనా? అడిగితే భయపడినా అనుకుంటాడు. భయపడినోన్ని ఎవురైనా నరుకుతారు."

అడగకపోయినా నరుకుతారు గదా అన్నాను.

"అప్పుడు మర్యాదగ నరుకుతారు" అన్నాడు.

ఆమె లోపలినుంచి అంతా వింది. ఆ రోజు ఆయనకు అన్నం పెట్టలేదు.

ఆ మధ్యాహ్నం నేను అక్కడ ఉండడానికి కారణం పొట్టే. వారాల పాటు తలుపు తెరవడం మూయడం వల్ల పై అరల్లో పొట్టు నాలుగు వేళ్ళు కిందికి దిగింది. అక్కడినుంచి వేడి దూరుతోందని కబురు పంపితే, అర సంచి తీసుకుని పోయాను. ఆమెకు తెల్లవారినప్పటినుంచి నొప్పులు. నర్సమ్మ లోపల ఉంది. కారును సందు మొదట్లో నిలిపి, ఆయన తలుపు పక్కన గోడ నీడలో నులకమంచం మీద కూర్చున్నాడు. ఒంటి మీద పంచె తప్ప ఏమీ లేదు. నేను నిచ్చెన మీదినుంచి పైన ఖాళీ నింపి దిగాను. ఆమె అరిచినప్పుడల్లా ఆయన మంచం కోడును పట్టుకుని పిసికేవాడు.

సందు మొదట్లో ఐదుగురు కనిపించారు. ఐదుగురూ కంబళ్ళు కప్పుకున్నారు. మే నెల మధ్యాహ్నం కంబళి కప్పుకున్నవాడికి చలిజ్వరమైనా ఉండాలి, లోపల కొడవలైనా ఉండాలి. ఇరుగుపొరుగు తలుపులు ఒకటొకటిగా మూసుకుపోయాయి. నేను గోడకు అతుక్కుపోయాను.

ముందు నడిచినవాడు ఆ పెద్దాయనే. తెల్ల మీసాలు, చేతికర్ర. మంచానికి పది గజాల దూరంలో ఆగాడు.

"ఏం అల్లుడా. తలుపు లావైనట్టుండాదే."

"ఎండకు మామా."

"మా ఊర్లోనూ ఉండాది ఎండ. మేం లావు చేసుకున్యామా?"

బండెడు పొట్టు లోపలికి పోయిందని తనకు తెలుసుననీ, అంత పొట్టు మీద ఎన్ని పడుకోబెట్టవచ్చో కూడా తెలుసుననీ పెద్దాయన నెమ్మదిగా, ఓపికగా చెప్పాడు. తలుపు విప్పి చూపమన్నాడు. అంతలో లోపలినుంచి ఆమె కేక వినిపించింది. పెద్దాయన కర్ర నేల మీద ఆగింది.

"ఎవురది?"

"నీ బిడ్డే. కాన్పు కష్టమైతాండాది. తలుపిప్పితే గది కాలిపోతాది. పొద్దు మునిగినాంక రా, నేనే ఇప్పి చూపిస్తా."

పొద్దు మునిగే లోపల సరుకు మార్చేస్తాడు, ఆడదాంతో కావాలనే అరిపిస్తున్నాడు అని పెద్దాయన తమ్ముడి కొడుకు అన్నాడు. కంబళి కింద పడేశాడు. వాడి చేతిలో ఉన్నది కొడవలి కాదు, గొడ్డలి. పెద్దాయన ఆగమనేలోపే తలుపు మీద వేటు పడింది.

రేకు నిలువునా చీలింది. లోపలి గోనె కూడా చీలి, పొట్టు ధార కట్టి కారింది. రెండో వేటుకు గొడ్డలి లేచేసరికి ఆయన మంచం కిందినుంచి కొడవలి తీశాడు. పదును తిప్పలేదు, దాని మొద్దువైపుతో కొట్టాడు. వాడి ముంజేయి మధ్యలో ఇంకో కీలు వచ్చినట్టు వంగింది. వాడు పడ్డాడు. అదే సమయంలో రెండోవాడి కొడవలి ఆయన ఎడమ భుజం మీద దిగింది. కండ తెరుచుకుని తెల్లగా కనిపించి, తర్వాత ఎర్రగా నిండింది.

తనను కొట్టినవాడి వైపు ఆయన తిరుగుతాడని అందరూ అనుకున్నారు. వాడు కూడా అనుకుని రెండడుగులు వెనక్కి వేశాడు. ఆయన మాత్రం కారుతున్న పొట్టును చూస్తున్నాడు. పై అరలు ఖాళీ అవుతున్నాయి, చీలికలోనుంచి ఎండ కత్తిలాగ లోపలికి దూరింది. చేతిలోని కొడవలిని నేల మీద పారేశాడు. వెనక్కి తిరిగి, ఆ చీలికకు అడ్డంగా తన వీపును రేకుకు ఆనించాడు.

కొద్దిసేపటి ముందు నిచ్చెన దిగుతూ రేకు మీది ఉష్ణమాపకంలో నేను చూసిన అంకె నూట నలభై నాలుగు. మిల్లులో ఆవిరి గొట్టం తగిలినవాళ్ళను చూశాను. మనిషికి తెలియకముందే చెయ్యి దానంతట అదే వెనక్కి వచ్చేస్తుంది. ఆయన వీపు రాలేదు. మెడ నరాలు తాళ్ళలాగ లేచాయి. భుజం నెత్తురు రేకు మీద జారుతూ, నేలకు చేరకముందే నల్లబడింది. ఒక వాసన వచ్చింది. దాని గురించి రాయను.

"నరికేదుంటే నరకండి" అన్నాడు. గొంతు పళ్ళ మధ్యనుంచి వచ్చింది. "నేనీడ్నుంచి కదల. మామా, పక్కన సందుండాది. పోయి లోపల చెయ్యి పెట్టి చూడు. నువ్వొక్కనివే పో."

పెద్దాయన నిలబడి ఆయన్నే చూశాడు. తర్వాత కర్ర ఒకడి చేతికిచ్చి సందులోకి నడిచాడు. షెడ్డులో పలకలు పీకుతున్న శబ్దం విన్నాం. పలక వెనక పలక, అర వెనక అర, అన్నిట్లోనూ చెయ్యి దూర్చి వెతుకుతున్నాడు. కిందపడినవాడి మూలుగు, లోపల ఆమె మూలుగు, రెండూ కలిసి వినిపించాయి. ఆ కాస్త సమయం ఎంతో నేను లెక్క పెట్టలేదు. నా జీవితంలో నేను లెక్క పెట్టనివి తక్కువ.

పెద్దాయన తిరిగొచ్చాడు. రెండు చేతులకూ చంకల దాకా పొట్టు అంటుకుని ఉంది.

"పొట్టే" అన్నాడు తన మనుషులతో. తర్వాత, ఎవరితో అని లేకుండా, "లోపల సల్లగుండాది" అన్నాడు.

వచ్చి ఆయన కుడి చెయ్యి పట్టుకుని ముందుకు లాగాడు. వీపు ఒక్కసారిగా రాలేదు. వచ్చినప్పుడు దాని తోలు కొంత రేకుకే ఉండిపోయింది. ఆయన అప్పుడు కూడా అరవలేదు, ముందుకు తూలి మంచం మీద బోర్లా పడ్డాడు. పొట్టు మళ్ళీ కారడం మొదలైంది. పెద్దాయన తన కంబళి తీసి నాలుగు మడతలు పెట్టి, చీలిక మీద అదిమి, భుజం ఆనించి నిలబడ్డాడు. మిగతా ముగ్గురినీ కంబళ్ళు విప్పి రేకు మీద కప్పమన్నాడు. వాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. రెండోసారి చెప్పించుకోలేదు. కొడవళ్ళు నడుముకు దోపుకుని, కంబళ్ళను తలుపు పైఅంచుకు తగిలించి, జారకుండా చేతులతో పట్టుకుని ఎండలో నిలబడ్డారు. చెయ్యి విరిగినవాడు నేల మీదినుంచి వాళ్ళనూ, పెదనాన్ననూ, మంచం మీద ఉన్నవాణ్ణీ వరసపెట్టి తిట్టాడు. నోరు మూసుకోకపోతే రెండో చెయ్యి తానే విరుస్తానని పెద్దాయన అన్నాడు.

నేను గోడ వదిలి వచ్చి, దోసిళ్ళతో పొట్టు ఎత్తి, నిచ్చెన ఎక్కి పై అరల్లో మళ్ళీ పోస్తున్నాను. అప్పుడు ఏడుపు వినిపించింది. సన్నగా మొదలై, తెగి, మళ్ళీ గట్టిగా లేచింది.

నర్సమ్మ పక్క సందులోనుంచి తల బయటపెట్టింది. బయట జరిగింది ఆమె చూడలేదు. నెత్తురూ, కంబళ్ళూ, కొడవళ్ళూ చూసి, ఎవరికి చెప్పాలో తెలియక అందరికీ కలిపి చెప్పింది.

"మొగపిల్లోడు. ఒళ్ళు సల్లగుండాది. బాగుండాడు."

ఆ ఇంట్లో మగబిడ్డ పుడితే రెండు వైపులా లెక్క మారుతుంది. ఆ లెక్క నాకంటే ముందే పెద్దాయన వేసుకున్నాడు. భుజం తీయకుండా తల మాత్రం తిప్పి, నేల మీద ఉన్న తమ్ముడి కొడుకును చూశాడు.

"ఇంగ ఇరవై ఏండ్లకు మనోళ్ళను నరికేకి ఒగడు పుట్టినాడురా."

వాడు మూలగడం ఆపి, బాగున్న చేతి మీద లేచి కూర్చున్నాడు. కంబళ్ళు పట్టుకున్న ముగ్గురూ పెద్దాయన ముఖం చూశారు. గొడ్డలి ఇంకా పొట్టులోనే పడి ఉంది. పెద్దాయన కాలు చాచి, మడమతో దాన్ని వాడికి అందకుండా తన కిందికి లాక్కున్నాడు.

మంచం మీద ఆయన అతి కష్టంగా తల ఇటు తిప్పాడు. వీపు మీద ఈగలు ముసురుతున్నాయి. కళ్ళు పెద్దాయన ముఖం మీద లేవు, అతని భుజం కింద రేకు మీద ఉన్నాయి.

"మామా, కంబళి జారింది. సరిగ్గ ఆనుకో. పొట్టు కారిపోతాంది."

పెద్దాయన కంబళి పైకి లాగి, మళ్ళీ భుజం ఆనించాడు. పడమట పొద్దు ఇంకా చాలా ఎత్తులో ఉంది.